చేతిగడియారము ఎప్పుడు వింటేజి యగును?

పాతబడిన ప్రతి వస్తువును పూజనీయము కాదు. క్రొత్తగా మెఱయు ప్రతి వస్తువును విలువైనది కాదు. ఈ మాటను బందరు ప్రాంతపు స్త్రీలకు మేము ప్రత్యేకముగా బోధింప నక్కఱలేదు. చిలకలపూడి నగలను చూచి చూచి, మెఱుగునకును మేలిమికిని గల భేదమును వారి కన్నులు చిన్ననాటనే నేర్చుకొనును. రాగిమీదనో యిత్తడిమీదనో పలుచని బంగారు పూత గల నగను మేలిమి బంగార మని వారు భ్రమింపరు. అట్లని దానిని తృణీకరింపను తృణీకరింపరు. దేని మర్యాద దానికి గలదని వారెఱుగుదురు. ఇట్టి వివేకమునే నేడు మఱియొక వస్తువు విషయమున గూడ చూపవలసిన యవసరము వచ్చినది. అది పెట్టె యడుగున, పట్టుచీరల మడతల నడుమ, మఱవబడియున్న పాత చేతిగడియారము.

ఇటీవల ‘వింటేజి వాచీ’ యను మాట తఱచుగా వినవచ్చుచున్నది. పాత గడియారములకు లక్షలు వచ్చునని యొకరు చెప్పుదురు. ఆగిపోయిన గడియారము ఇనుపముక్కతో సమానమని మఱియొకరు చెప్పుదురు. మొదటి మాట నమ్మిన యిల్లాలు లేనిపోని యాశలు పెంచుకొనును. రెండవ మాట నమ్మిన యిల్లాలు ఇంటి చరిత్రను పాతసామానుల వాని తట్టలో పడవేయును. రెండును నష్టములే. కావున గడియారమునకు ఈ పేరు ఎప్పుడు తగును, ఎందుచేత తగును, దానిని కాపాడుట యెట్లు అను విషయములను సోదరీమణులతో కలిసి విచారింప దలచితిమి.

మొదట మాట పుట్టుక చూతము. వింటేజి యనగా ద్రాక్షపండ్ల కోత యని మూలార్థము. లాటిను భాషలో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోనికి వచ్చిన మాట యిది. ఫలానా యేటి కోతనుండి తీసిన ద్రాక్షాసవమును ఆ యేటి పేరుతోనే పిలుచుట పాశ్చాత్యుల యాచారము. ఎండయు వానయు అనుకూలించిన యేటి సరకు పేరు పొందును. అనుకూలింపని యేటిది ఎంత పాతదైనను అడుగువా రుండరు. కావున ఈ మాటలో ఆదినుండియు రెండు భావములు గలవు. అది యే యేటిది యనునది మొదటిది. అది యెట్టిది యనునది రెండవది. దీనికి సాటియైన దృష్టాంతము మన వంటయింటనే యున్నది. పాతబియ్యము మేలైనదని కృష్ణాడెల్టా యిల్లాండ్రందఱు నెఱుగుదురు. కాని పురుగుపట్టిన బియ్యము గాదెలో ఎన్నేండ్లున్నను దానిని మెచ్చుకొనువారు లేరు.

ఇక వయస్సు మాట. మన దేశమున 1972లో చేయబడిన పురావస్తువుల చట్టము ప్రకారము, చారిత్రకాసక్తి గల వస్తువునకు నూఱేండ్లు నిండిననే అది పురావస్తువు. శాస్త్రమునకు గాని సాహిత్యమునకు గాని చరిత్రకు గాని ఉపకరించు వ్రాతప్రతులకు మాత్రము 75 ఏండ్లు చాలును. మోటారు వాహనముల విషయమున కేంద్రప్రభుత్వము వారు 2021లో నియమములు చేసి, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటిన కార్లను, మోటారుసైకిళ్లను వింటేజి వాహనములుగా గుర్తించిరి. అందును ఒక షరతు గలదు: వాహనము తన మొదటి రూపమునే నిలుపుకొని యుండవలెను, పెద్ద మార్పులకు లోనై యుండరాదు. చేతిగడియారములకు ఇట్టి చట్ట మేదియు లేదు. వాడుకనుబట్టి వర్తకులును సేకరించువారును 25 లేక 30 ఏండ్లు దాటినదానిని వింటేజి యనియు, నూఱేండ్లు దాటినదానిని పురావస్తు వనియు చెప్పుదురు. కొందఱు ఇంకను బిగించి, బ్యాటరీ గడియారములు వ్యాపించుటకు ముందు తయారైనవానికే యీ గౌరవ మిత్తురు. ఎట్లు చూచినను వయస్సు వాకిలి వంటిది. వాకిలి దాటనిదే ఇంటిలోనికి పోలేము. కాని వాకిలియే యిల్లు కాదు.

వాకిలి దాటిన పిమ్మట చూడవలసినది గడియారపు పుట్టుక. ఇచ్చట సోదరీమణులు గర్వింపదగిన సంగతి యొకటి గలదు. చేతిగడియారము మొదట స్త్రీల వస్తువు. నేపుల్సు రాణి కరోలిన్ మ్యూరా కోరికపై బ్రెగే యను ప్రసిద్ధ శిల్పి 1810లో మణికట్టున ధరించు గడియారమును చేయ పూనుకొని 1812 నాటికి ముగించెను. 1868లో పటేక్ ఫిలిప్ వారు హంగేరీ దేశపు ప్రభుపత్ని యొకామెకు కంకణము వంటి గడియారమును చేసిరి. చిరకాలము వఱకు పురుషులు జేబుగడియారమునే వాడుచు, చేతి కట్టుకొనుటను ఆడువారి సింగారముగా నెంచిరి. 1914 మొదలు 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున, కందకములలో తుపాకి పట్టిన సిపాయికి జేబు తడుముకొను తీరిక లేకపోయినది. అప్పటినుండి చేతిగడియారము పురుషుని హస్తమున స్థిరపడినది. అయినను నేటి బేరములలో స్త్రీల చిన్నవాచీలకు తక్కువ వెల కట్టుట సామాన్యము. వానిలో బంగారు కేసు గలవి యెన్నియో కంసాలి కుంపటిలో కఱగిపోయినవి.

పూర్వపు గడియారమును నడిపించునది బిగించి చుట్టిన స్ప్రింగు. కీ యిచ్చినప్పుడు మన వ్రేళ్ల బలము దానిలో దాగును. ఆ బలము పండ్లచక్రముల గుండ నెమ్మదిగా జాఱి, ముందునకును వెనుకకును ఊగు సన్నని చక్రమును చేరును. ఆ యూపునకే టిక్కు టిక్కు మను చప్పుడు. గంటకు 18,000 పర్యాయములు, అనగా సెకనుకు 5 పర్యాయములు కొట్టుకొనుట పాత గడియారములలో సామాన్యము. 1969 డిసెంబరు 25వ తేదిన జపాను దేశపు సీకో వారు స్ఫటికపు చేతిగడియారమును టోకియోలో విడుదల చేసిరి. దానిలో బ్యాటరీ బలముచే స్ఫటికము స్పందించి కాలమును కొలుచును. నేటి స్ఫటికపు గడియారములలో ఆ స్పందన సెకనుకు 32,768 పర్యాయములు. కాలము తప్పకుండుటలో క్రొత్తది పాతదానిని మించినది. నిత్యోపయోగమునకు అదియే మేలు. పాతదాని గౌరవము వేఱు చోట నున్నది. మగ్గపు నేత యంత్రపు నేతకన్న వేగముగా సాగదు. అయినను దానిలో నొక పనితన మున్నది గదా.

మన యిండ్లలో కనబడు పాత గడియారములను స్థూలముగా మూడు తరములుగా విభజింపవచ్చును. మొదటిది విదేశపు తరము. స్విట్జర్లాండు దేశపు ఫావ్ర్-ల్యూబా వారు 1865 నుండియే మన దేశముతో వర్తకము చేసిరి. బొంబాయి కలకత్తాలలో దుకాణములు గల వెస్టెండు వాచి కంపెనీ వారి ‘సోవార్ ప్రైమా’ సిపాయిలకు పరిచితము. రెండవది స్వదేశపు తరము. 1953లో బెంగుళూరున నెలకొల్పబడిన హిందూస్థాన్ మెషీన్ టూల్సు వారు జపాను సిటిజన్ కంపెనీ సాయముతో 1961లో గడియారముల కర్మాగారమును తెఱచిరి. వారి ‘జనతా’ పేరునకు తగినట్లే జనుల చేతుల కెక్కినది. మూడవది బ్యాటరీ తరము. 1942లో హైదరాబాదున పుట్టిన ఆల్విన్ కంపెనీ వారు 1980వ దశకమున సీకో వారి సహకారముతో గడియారములు చేసిరి. తెలుగునేలపై తయారైనవి గనుక అవి మనకు మఱింత ఆత్మీయములు. 1987 నుండి హోసూరు టైటన్ గడియారములు బజారు నాక్రమించినవి. హెచ్.ఎం.టి. గడియారముల కంపెనీని మూసివేయుటకు కేంద్రప్రభుత్వము 2016లో నిర్ణయించినది. కర్మాగారము మూతపడినకొలది విడిభాగములు అరుదగును. ఉన్నదానిని జాగ్రత్తచేయవలసిన బాధ్యత ఇంటివారిమీద పెరుగును.

మూడవ పరీక్ష, అన్నిటికన్న కఠినమైనది, గడియారము తన సొంత భాగములతో నున్నదా యనునది. పెడనలోను బందరులోను కలంకారి పని నెఱిగినవారికి ఈ సూక్ష్మము సులభముగా తెలియును. ముత్తాతల నాటి అచ్చుతో నేడు అద్దిన వస్త్రము అందమైనదే; కాని అది పాతవస్త్రము కాదు. పాతవస్త్రముపై వెలసినచోట్ల నెల్ల క్రొత్తరంగు పూసినచో అది పాతదియు కాదు, క్రొత్తదియు కాదు. గడియారమున గూడ నంతే. ఒక దాని డయలు, మఱియొక దాని ముండ్లు, వేఱొక దాని యంత్రము చేర్చి యొక కేసులో బిగించినచో అది నడువవచ్చును, మెఱయవచ్చును. కాని అది అతుకుల బొంతయే. పాత డయళ్ల రంగు గీకివేసి క్రొత్తరంగు పూసి, పేరు మఱల అచ్చువేసి అమ్ము వ్యాపారము మన దేశపు పెద్దపట్టణములలో విరివిగా సాగుచున్నది. ఇట్టివానిని గుర్తించుట కష్టము కాదు. కేసు అఱిగి గీతలు పడియుండగా డయలు మాత్రము నిన్న పుట్టినట్లు నిగనిగలాడుచున్నచో సందేహింపవలెను. నిమిషపు గీతలు అంకెలకు సరిగా ఎదురుగా లేకున్నను, పేరులోని యక్షరములు మందముగానో వంకరగానో యున్నను, అడుగున నుండవలసిన దేశపు పేరు చెఱగియున్నను సందేహము బలపడును.

అద్దము పగిలిన మార్చుట, స్ప్రింగు విఱిగిన వేయుట, పట్టీ చిరిగిన క్రొత్తది కట్టుట తప్పు కాదు. వాడిన గడియారమున కివి సహజములు. డయలు, ముండ్లు, యంత్రము, కేసు ఈ నాలుగును ఒకే పుట్టుక గలవైనచో తక్కినవాని కంత పట్టింపు లేదు. కాలముచేత డయలు తేనెరంగునకు తిరుగుట లోపము కాదు. ముసలివారి ముఖమున ముడుతల వంటిది. కావున గుడివాడలో గాని బందరులో గాని గడియారమును బాగుచేయువానికి ఇచ్చునప్పుడు మూడు మాటలు తప్పక చెప్పవలెను: డయలునకు రంగు వేయవద్దు, కేసును రాపిడిచేసి మెఱుగు పెట్టవద్దు, తీసివేసిన పాతభాగమును పాఱవేయక మా కీయవలెను. శుభ్రపఱచి నూనె వేయించుట చాలును. మంచి పనివాడు ఈ మాటలకు కోపగించుకొనడు, పైపెచ్చు సంతోషించును.

బంగారు వర్ణమున నున్న వాచీని తూకము వేయించుటకు ముందు మూత లోపలి గుఱుతులు చూపింపవలెను. స్విట్జర్లాండున 1995కు పూర్వము చేసిన 18 క్యారట్ల బంగారు కేసుపై స్త్రీ శిరస్సును, 14 క్యారట్లదానిపై ఉడుతను ముద్రించెడివారు. ‘రోల్డు గోల్డు’ అనిగాని ‘మైక్రాన్లు’ అనిగాని వ్రాసియున్నచో అది పైరేకు మాత్రమే. మన చిలకలపూడి నగకు దూరపు బంధువే. డయలుపై ‘17 జ్యూయల్సు’ అని యున్నచో లోపల కెంపులున్నవని మురియ నక్కఱలేదు. అవి యిరుసులు అఱిగిపోకుండ అమర్చిన, శాస్త్రజ్ఞులు చేసిన కృత్రిమ కెంపులు. వానికి వేఱుగా ధర లేదు.

నాలుగవ పరీక్ష బేరగాని భూతద్దమునకు అందనిది, గడియారపు జీవితచరిత్ర. 2009 మార్చిలో న్యూయార్కున మహాత్ముని కండ్లద్దములు, చెప్పులు, ఇత్తడి గిన్నె, పళ్లెము, జెనిత్ జేబుగడియారము ఒక్కటిగా వేలమున 18 లక్షల డాలర్లకు పోయినవి. ఆ గడియారపు లోహమునకు గాని యంత్రమునకు గాని అంత వెల యెక్కడిది? అది యెవరి నడుమున వ్రేలాడినదో లోకమునకు తెలియును, అంతే. మన యిండ్ల గడియారములకు అట్టి ధర రాదు. కాని సూత్ర మొక్కటే. ఎవరు ధరించిరో తెలిసిన గడియారము వింటేజి, తెలియనిది పాతసామాను.

ఈ జీవితచరిత్రలో స్త్రీల పాలు మిక్కిలి మఱుగుపడినది. మన వివాహములలో అలకపాన్పు నాడు అల్లుడు వాచీ కోరుట యొకనాడు వాడుక. దానిని వేడుక యనిరి. ఆ వేడుకకై పిల్ల తండ్రి ఎన్ని బస్తాల ధాన్యము అమ్మెనో, ఎవరివద్ద అప్పు చేసెనో పాటలలో చెప్పలేదు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది; బెంగుళూరు గడియారముల కర్మాగారమును ఆ యేటనే తెఱచిరి. చట్టమునకు పిమ్మటను వాచీ అలకపాన్పును వెంటనే వీడిపోలేదు. నేడు ఆ గడియారము చేతికి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదియు ‘తాతగారి వాచీ’ యందురు. నిజమునకు అది నాయనమ్మ పుట్టింటి ధాన్యము, ఆమె తండ్రి కష్టము. ఆమె మణికట్టున అది యొక దినమైనను ఉండియుండదు. దాని కథ చెప్పునప్పుడు తాతగారి పేరు మాత్రమే చెప్పుట సగము సత్యము. మఱికొన్ని యిండ్లలో ఉపాధ్యాయినియు నర్సును తమ మొదటి జీతములతో కొనుక్కొన్న వాచీలు గలవు. రోగి నాడి లెక్కించిన సెకను ముల్లు, పిల్లలకు బడిగంట గుర్తుచేసిన చిన్నముల్లు ఏ ధనవంతుని గడియారమునకును తీసిపోవు.

సముద్రతీరమున పాతవస్తువు నిలుచుటయే యొక విశేషము. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన బందరును ముంచినది. సుమారు 30,000 మంది గతించిరి. 1977 నవంబరు 19వ తేదిన దివిసీమ గ్రామములపై సముద్రము విఱుచుకొనిపడి వేలకొలది ప్రాణములను హరించినది. పెట్టెలు, పత్రములు, పటములు, నగలు అన్నియు ఉప్పునీటి పాలైనవి. ఆనాటి యుప్పెనలో నాని తుప్పుపట్టి యాగిపోయిన గడియారము దివిసీమలో ఏ యింటనైన మిగిలియున్నచో, దానికి బజారు లెక్కలో విలువ లేదు. యంత్రము చెడినది, డయలు మచ్చలు పడినది, భాగములు దొరకవు. అయినను దానిని బాగుచేయింపవద్దని మేము కోరుదుము. తుప్పును వదలించి రంగు వేసినచో అది నడువవచ్చును. కాని చెప్పవలసిన మాటను మఱచిపోవును. కొన్ని గడియారములు ఆగియుండుటయే వాని సాక్ష్యము.

మఱి రక్షణ యెట్లు? ఉప్పుగాలి ఉక్కునకు శత్రువు. గడియారమును మూత గట్టిగా పట్టు డబ్బాలో తేమను పీల్చు సిలికాజెల్ పొట్లముతో నుంచి, వానకాలమున పొట్లమును మార్చుచుండవలెను. చాలకాలము కదలనిదానికి ఉత్సాహముతో కీ యీయరాదు. ఎండిన నూనెలో చక్రములు అఱిగిపోవును. మొదట పనివానికి చూపవలెను.

చీకటిలో వెలుగుటకై అంకెలపై పసిమి రంగు పూసిన పాత వాచీల విషయమున మిక్కిలి మెలకువ కావలెను. 1960వ దశకము వఱకు అట్టి పూతలలో రేడియము కలిపెడివారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున 1917 నుండి డయళ్లకు ఆ రంగు వేయుటకు యువతులను నియమించి, కుంచె మొన సన్నమగుటకై పెదవులతో తడుపుమని నేర్పిరి. దౌడ యెముకలు క్షీణించి పలువురు చనిపోయిరి. వారిలో ఐదుగురు 1927లో వ్యాజ్యము నడిపి, మఱుసటి యేట పరిహారము పొందిరి. రేడియపు శక్తి సగమగుటకు 1,600 ఏండ్లు పట్టును. వెలుగు ఆగినంత మాత్రమున రేడియము పోయినదని తలపరాదు; వెలుగునిచ్చు తోడి పదార్థము మాత్రమే నశించినది. అట్టి వాచీని ఇంటిలో మూత తెఱచి గీకరాదు, పిల్లల చేతి కీయరాదు. రేడియము సంగతి ముందే చెప్పి, తెలిసిన పనివానికే చూపవలెను.

ఇంతవఱకు చెప్పినదాని సారము క్లుప్తముగా నిది. వయస్సు గడియారమునకు తనంత తానే వచ్చును; అందుకు మనము చేయవలసిన దేమియు లేదు. పుట్టుక కర్మాగారము నాడే నిర్ణయమైనది. సొంత భాగములు మన యజాగ్రత్తచేత పోవును, జాగ్రత్తచేత నిలుచును. జీవితచరిత్ర మాత్రము ఎఱిగినవారితోనే పోవును. అది సాధారణముగా ఇంటిలోని పెద్దయామెకే తెలియును. కావున వాచీ దొరికిన యింట ఆ పెద్దయామె నడిగి, ఎవరు కొనిరి, ఎందుకు కొనిరి, ఏ సొమ్ముతో కొనిరి, ఎవరు ధరించిరి, ఏ యేట ఆగినది అను విషయములను ఒక కాగితముపై వ్రాసి ఆ డబ్బాలోనే యుంచవలెను. తాతగారి పేరు ప్రక్కన నాయనమ్మ పేరును, ఆమె పుట్టింటి యూరును వ్రాయుట మఱవరాదు. అమ్మునప్పుడైనను ఆ కాగితము గడియారమునకు గౌరవమే తెచ్చును. అమ్మకున్నచో మనుమరాండ్రకు అదియే గడియారముకన్న విలువైన వస్తువగును.